కండె అందించేదాకా

ఎండాకాలం మధ్యాహ్నాల్లో మా కోయిలకుంట్ల బజారు సగం నిద్రలో ఉంటుంది. నేను అంగడి తలుపు ఒక రెక్క మూసి, శనగల మూటలకు ఆనుకుని కళ్లు మూసుకుంటాను. గోనెపట్టాల వాసన, బెల్లం వాసన, ఎండకు కాగిన రేకుల చిటపటలు. మొన్నొక రోజు ఆ మగతలోకి పెళ్లివాళ్ల ట్రాక్టరొకటి పెద్ద పెద్ద స్పీకర్లతో వచ్చింది. "యాడుండావే సినుకమ్మా, యాడుండావే?" అని నాగప్పన్న గొంతు. నిద్రలోనే నా ఊపిరి ఆగింది. ఆ ప్రశ్న తర్వాత పాట ఆగాలి. ఆగలేదు. ప్రశ్న ఇంకా నోట్లో ఉండగానే జవాబు వచ్చి దాని మీద పడింది. చీకట్లో ఇంకో మెట్టు ఉందనుకుని కాలేసినవాడిలా ఉలిక్కిపడి లేచాను. ట్రాక్టరు వెళ్లిపోయినా దాని వెనక రేగిన దుమ్ము చాలాసేపు ఎండలో తేలుతూ ఉండిపోయింది.

ఆ పాట మీలో చాలామంది వినే ఉంటారు. పెళ్లిళ్లలో ఎగిరే ఉంటారు. పాడిన మనిషిని మాత్రం చూసి ఉండరు. చూసినా ఈయనే అని నమ్మరు. సన్నగా, కాస్త గూనిగా, చెవుల మీద ఎప్పుడూ దూది నూగుతో ఉండే నేతగాడు. మా అంగడి వెనక గోడకు అవతల చేనేత వీధి. ఆ గోడకు ఆనుకునే నాగప్పన్న గుంటమగ్గం. కాళ్లు గుంటలో పెట్టి, తొక్కుడు కర్రలు తొక్కుతూ, పోగును మోసే నాడెను అటూ ఇటూ పరుగెత్తిస్తూ పొద్దస్తమానం పాడుతూనే ఉండేవాడు. ఆ పాటలు ఎవరి దగ్గరా నేర్చుకున్నవి కావు, ఎక్కడా రాసుకున్నవీ కావు. చీర ఎట్లా దిగుతుందో పాట కూడా అట్లాగే దిగేది. మా గోదాములో మూటల మధ్య కూర్చుంటే గోడలోంచి ఆ మగ్గం చప్పుడూ ఆ పాటా కలిసి, ఎవరో దూరంగా జోల పాడుతున్నట్టు వినిపించేవి. నా యవ్వనంలో సగం ఆ గోడకు చెవి ఆనించే గడిచిందంటే అతిశయోక్తి కాదు.

నేత సంగతి తెలియనివాళ్ల కోసం ఒక్క మాట చెప్పాలి. చీరలో అడ్డంగా పడే పోగును చిన్న పుల్లకు చుట్టి నాడెలో పెడతారు. ఆ చుట్టిన పుల్లను కండె అంటారు. నూలు అయిపోగానే మగ్గం ఆగాల్సిందే. నాగప్పన్న భార్య ఓబులమ్మ వదిన మగ్గం పక్కనే రాట్నం వేసుకుని కండెలు చుట్టేది. కండె అయిపోయినప్పుడు ఆయన తల తిప్పేవాడు కాడు. ఎడమ చెయ్యి పక్కకు చాపేవాడు, అంతే. ఆమె కొత్త కండె ఆ అరచేతిలో పెట్టేది. అంతసేపూ పాట కూడా ఆగేది. కండె నాడెలో పడ్డాక పాట ఆగిన చోటునుంచే లేచేది. అలా పుట్టిన పాటలు కాబట్టి, మగ్గం లేని చోట పాడినా ఆయన ఆ చోట్లలో ఆగేవాడు. అక్కడ ఆగకపోతే ఆ పాట ఆయనకు పాటలా తోచేది కాదు.

నాకప్పుడు పాతికేళ్లు దాటాయి. ఒక మధ్యాహ్నం కందిపప్పు జల్లిస్తూ, గోడ అవతలి పాటకు ఇటునుంచి వంత పాడుతున్నాను. పాడుతున్నానని నాకే తెలియదు. అటువైపు మగ్గం టక్కున ఆగింది.

"ఎవురప్పా అది, గోడ యెనకాల నుంచి నా పాటకు కన్నమేస్తాండేది?"

నేను జల్లెడ పట్టుకుని కదలకుండా నిలబడ్డాను.

"దాంకోవద్దులే. గొంతు బాగుండాది. ఈడికి రా."

సందు చుట్టి వెళ్లాను. గుమ్మంలో నన్ను చూసి ఓబులమ్మ వదిన రాట్నం ఆపి నవ్వింది. "శెట్టిగారి కొడుకు! వాళ్ల నాయనకు తెలిస్తే రేపట్నించి మనకు ఉప్పు గూడా పుట్టదు."

"సప్పగా తింటాంలే," అన్నాడు నాగప్పన్న. "కూచ్చో శెట్టీ. నేను అడుగుతా, నువ్వు జవాబు పాడు."

ఆయన అడిగాడు. నేను పాడాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. మళ్లీ అడిగాడు, మళ్లీ పాడాను. మూడోసారి నవ్వేశాడు. "నీకు అన్నీ వచ్చప్పా. ఊరికే ఉండేది ఒగటే రాదు. ఓబులమ్మ నా చేతిలో కండె పెట్టకముందే నువ్వు పాట అందుకుంటాండావు. నేను నాడెలో ఏం పెట్టుకోవాల, నీ సేతి యేలా?"

మా నాన్న సంగతి చెప్పకపోతే ఆయన ఆత్మ నొచ్చుకుంటుంది. "తక్కెడ పట్టాల్సిన చేత్తో తాళాలు పడతావురా?" అని మండిపడ్డాడు. "రెండూ సమంగా పట్టుకోవాల్సినవే గదా నాయనా" అన్నాను. ఆ తెలివికి ఆ రోజు నాకు మజ్జిగ పోయనివ్వలేదు. తర్వాత ఎప్పుడో మేం మారెమ్మ గుడి ముందు పాడుతుంటే జనం వెనక నిలబడి విని, పాట అయిపోకముందే వెళ్లిపోయాడట. మరునాటి నుంచి ఆ ఊసెత్తలేదు. మా ఇంట్లో ఆశీర్వాదమంటే అదే.

నాగప్పన్న కంజిర, నా తాళాలు, డోలక్కు మీద పక్కవీధి హుసేను. ముగ్గురమే మా జట్టు. జాతరలు, పీర్ల పండగలు, దినాలు, ఎవరు పిలిస్తే అక్కడికి పోయేవాళ్లం. ఒక ఏడు కుందూ ఒడ్డున నల్లరేగడి పల్లెలో పాడాం. వానలు మొహం చాటేసిన ఏడాది అది. చేలల్లో పగుళ్లు ఎంత వెడల్పంటే మేకపిల్ల కాలు దిగబడేది. పొద్దు వాలుతుంటే ఊరంతా రచ్చబండ దగ్గర చేరింది. ఎర్రటి వెలుతురులో మనుషుల మొహాలు మట్టి బొమ్మల్లా ఉన్నాయి. నాగప్పన్న ఎత్తుకున్నాడు.

"యాడుండావే సినుకమ్మా, యాడుండావే?
ఏరు అడిగె, ఊరు అడిగె, యాడుండావే?"

అక్కడ ఆగాడు. ఆయన ఎడమ చెయ్యి తెలియకుండానే కాస్త పక్కకు జరిగింది. ఊరంతా ఊపిరి బిగబట్టింది. ఒక్కొక్కరే తలలు పైకెత్తి ఆకాశం వైపు చూశారు. ఎవరూ చూడమనలేదు. ఒక ముసలామె చెయ్యి అడ్డం పెట్టుకుని పడమటి దిక్కు చూసి, "ఇంగా రాల్యా," అంది మెల్లగా. అప్పుడు జవాబు వచ్చింది.

"సుట్టు సూడకు, దిక్కు సూడకు, ఈడ ఉండా,
నీ సూరు కింది కడవలోన నిదరపోతాండా."

ఆ ముసలామె నిజంగానే చూరు కింద బోర్లించిన తన కడవ వైపు చూసింది. పాటలో మాటలకంటే మాటలు లేని చోటే ఎక్కువ పని చేస్తుందని అప్పుడే తెలిసింది. దారిలో ఆ మాటే నాగప్పన్నతో అంటే, "నాదేముండాది? ఆ పాట కట్టిన దినం ఓబులమ్మకు చిక్కు పడిన నూలు దొరికినాది. కండె ఇచ్చేకి ఆలీసమైనాది. అందుకే ఆడ అంతసేపు," అన్నాడు. ఎంత పొగిడినా ఆ మనిషి దగ్గర ఇలాగే జారిపోయేది.

తర్వాత ఫోన్ల కాలం వచ్చింది. ఎవరో కుర్రవాడు జాతరలో తీసిన పాటను విని, కర్నూలు నుంచి ఒకాయన వెతుక్కుంటూ వచ్చాడు. మంచివాడే, మర్యాదస్తుడు. కర్నూల్లో ఆయన రికార్డింగు గది గోడలకు పరుపులు కొట్టి ఉన్నాయి. లోపలికి పోతే మన ఊపిరి మనకే వినిపిస్తుంది. నాగప్పన్న చెవులకు రెండు చిప్పలు తగిలించారు. వాటిలో టిక్కు టిక్కుమని తాళం వినిపిస్తుందట. ఆ తాళం ఆగదు. పాట ఆగుతుంది. పదిసార్లు పాడినా రెండింటికీ పొత్తు కుదరలేదు.

"అన్నా, ఆ మధ్యలో ఖాళీ వస్తాంది గదా," అన్నాడు ఆ కర్నూలాయన. "జనం పాట అయిపోయిందనుకుంటారన్నా. ఫోన్లో వేలితో పక్కకు తోసేస్తారు. దాన్ని కోసేద్దామా?"

నాగప్పన్న నా వైపు చూశాడు, హుసేను వైపు చూశాడు. ఆకలి వేళయింది. "కోయప్పా, నీకెట్ల బాగుంటే అట్ల," అన్నాడు. తిరుగుదారిలో బస్సు కిటికీకి తల ఆనించి హాయిగా నిద్రపోయాడు.

పాట ఊళ్ల మీద పడింది. నెల తిరక్కుండానే ఆటోల్లో, టీ అంగళ్లలో, పెళ్లి ఊరేగింపుల్లో అదే. కడప నుంచి ఆదోని దాకా పిలుపులు. మాకు శాలువాలు కప్పారు. నాకూ ఒకటి కప్పారు, ఇప్పటికీ పెట్టెలో ఉంది, ఈ ఎండల్లో దాన్ని ఏం చేసుకోవాలో తెలియక.

ఓబులమ్మ వదిన ఆ పాటను పక్కింటి పిల్ల ఫోన్లో మొదటిసారి విన్నప్పుడు నేనక్కడే ఉన్నాను. ఆమె రాట్నం తిప్పుతూ నవ్వు మొహంతోనే వింటోంది. ప్రశ్న వచ్చింది, వెంటనే జవాబు వచ్చింది. రాట్నం ఆగిపోయింది.

"మళ్లా పెట్టు పాపా," అంది. మళ్లీ విన్నది. తర్వాత నాగప్పన్న వైపు తిరిగింది. "నన్ను యాడ పెట్టినారు?"

"ఏందే?"

"ఈడ నేనుండాల గదా. నేను కండె ఇచ్చే యాళ. నన్ను యాడ పెట్టినారు?"

"ఒగ ఖాళీ తీసేసినారు. దానికేమిప్పుడు?"

"ఖాళీ అంటావా దాన్ని?"

మళ్లీ రాట్నం తిప్పుకుంది. పోట్లాడి ఉంటే బాగుండేది. మరునాటి నుంచి కండెలు చుట్టి ఒక బుట్టలో వేసి, మగ్గం పక్కన పెట్టి, ఇంటి పనిలోకి వెళ్లిపోయేది. కండెలు ఎప్పటికంటే గట్టిగా, చక్కగా చుట్టి ఉండేవి. వంక పెట్టడానికి లేదు. నాగప్పన్న అలవాటు కొద్దీ ఎడమ చెయ్యి చాపేవాడు. ఆ చెయ్యి కాసేపు గాలిలో ఉండి, తర్వాత సిగ్గుపడినట్టు బుట్టలోకి వెళ్లేది. చూడ్డానికి నాకే కష్టంగా ఉండేది. మొగుడూ పెళ్లాల మధ్య ఇలాంటి అలక నేతవాళ్ల ఇళ్లలో తప్ప ఇంకెక్కడా ఉండదేమో.

అన్నిటికంటే పెద్ద దెబ్బ ఏమిటంటే, ఆయనకు కొత్త పాట రావడం మానేసింది. మగ్గం ఆడేది, పాత పాటలు వచ్చేవి. కొత్తది ఒక్క ముక్క రాలేదు. గోడకు ఇటువైపు నేను చెవులు రిక్కించి కూర్చునేవాణ్ని. ఊళ్లన్నీ ఆయన పాటకు ఎగురుతున్న ఆ రోజుల్లోనే ఆయన నోరు ఎండిపోయింది.

పోయినదాన్ని తిరిగి పాటలో పెట్టాలని నాగప్పన్న పంతం పట్టాడు. ఎక్కడ పాడినా అక్కడ ఆగడం మొదలుపెట్టాడు. కానీ జనం పాటను ఫోన్లో నేర్చుకున్నారు గదా! ఆయన ఆగగానే వాళ్లే జవాబు అందుకునేవాళ్లు. పత్తికొండలో టమోటా మార్కెట్టు దగ్గర పెట్టిన కార్యక్రమంలో ఆయన ఆగాడో లేదో, హమాలీలు, రైతులు, లారీవాళ్లు అంతా ఒక్క గొంతుతో "సుట్టు సూడకు, దిక్కు సూడకు" అని హోరెత్తించారు. వాళ్లది ప్రేమే, తప్పు పట్టలేం. మైకు పట్టుకున్నతను మాత్రం, "పెద్దాయన మర్చిపోయినట్టుండాడు, మనం అందిచ్చినాం!" అని చప్పట్లు కొట్టించాడు. నాగప్పన్న నవ్వుతూనే దండం పెట్టాడు. తిరుగుదారిలో లారీలో టమోటా గంపల మధ్య సర్దుకుని కూర్చున్నాడు. ఊరు దాటాక, "ఆయమ్మను తీసేకి ఒగ నిమిషం పట్టింది శెట్టీ," అన్నాడు. "తిరిగి పెట్టేది మాత్రం నా చేతిలో ల్యా." నేను ఒక టమోటా తుడిచి చేతికిచ్చాను. తిన్నాడు.

ఆ తర్వాత ఆలూరు పక్క ఊరి జాతరకు పిలుపొచ్చింది. అది ఓబులమ్మ వదిన పుట్టిన ఊరు. పాట కోసం రాకపోయినా పుట్టింటి అమ్మవారి కోసం ఆమె బయల్దేరింది. మాతో ఒకే జీపులో వచ్చి, అంత దూరమూ హుసేనుతోనే మాట్లాడింది. ఆ ఊరి చుట్టూ ఎటు చూసినా ఎర్రమట్టి, రాళ్లు. జనం గుట్ట వాలు మీద మెట్లు మెట్లుగా కూర్చున్నారు. పొద్దు గుట్ట వెనక్కి దిగుతోంది. గాలిలో దుమ్ము బంగారు రంగులో నిలబడి ఉంది. ఆ సాయంత్రం తలుచుకుంటే అది జరిగిందా, నేను కలగన్నానా అని ఇప్పటికీ నాకు అనుమానం.

నాగప్పన్న ప్రశ్న పాడి ఆగాడు. గుట్ట గుట్టంతా జవాబు అందుకుంది. ఆయన కంజిర కింద పెట్టేశాడు. జనం మెల్లగా సద్దుమణిగారు. కోపంతో లేచిపోతాడనుకున్నాను.

"అమ్మల్లారా, అప్పల్లారా," అన్నాడు. "మీరు శానా బాగా పాడినారు. నాకంటే బాగా పాడినారు. కానీ ఆడ ఒగ మనిషి ఉండాది. నేను నేతగాన్ని. కండె అయిపోతే మా మగ్గం ఆగాల. మా ఇంటామె ఇంగొగ కండె ఇచ్చేదాకా నేను పాడేకి ల్యా. ఆయమ్మ ఇయ్యకముందే మీరు పాడితే, ఆయమ్మ యాడికి పోవాల? నేనే తప్పు జేసినా. కర్నూల్లో కోద్దామా అంటే, కోయప్పా అన్నా. ఆయమ్మ మీ ఊరి బిడ్డే. ఈ పొద్దు ఒగ తూరి ఆగండి."

ముందు వరసలో ఒక ముసలాయన లేచి, "ఎంతసేపు ఆగాల్నప్పా?" అని అడిగాడు.

"ఆయమ్మ ఇచ్చేదాకా."

మళ్లీ ఎత్తుకున్నాడు. "ఏరు అడిగె, ఊరు అడిగె, యాడుండావే?" ఎడమ చెయ్యి చాపాడు. ఈసారి తెలిసే చాపాడు, అందరికీ కనబడేలా. గుట్ట మీద ఒక్క గొంతు లేవలేదు. చంటిపిల్లల్ని కూడా తల్లులు పొత్తిళ్లలో ఊపుతూ ఊరుకోబెట్టారు. ఎక్కడో గొర్రెల మెడగంటలు వినిపించి ఆగాయి. నేను తాళాలు గుండెకు అదుముకుని నిలబడ్డాను. ఎంతసేపని చెప్పను? ఆ సేపట్లో ఒక వయసు గడిచినట్టుంది. ఆయన చెయ్యి అలాగే ఉంది. ఆడవాళ్ల మధ్య కూర్చున్న ఓబులమ్మ వదిన ఇటు చూసింది, అటు చూసింది, తలమీద కొంగు సర్దుకుంది. చివరికి ఉండబట్టలేక లేచి నిలబడింది.

"ఈడ కండె యాడుండాదయ్యా నీకు ఇయ్యడానికి? చెయ్యి నొస్తాది, పాడు!"

గుట్టంతా ఘొల్లున నవ్వింది. ఆ నవ్వులోనే నాగప్పన్న జవాబు ఎత్తుకున్నాడు. కన్నీళ్లు కారుతున్నా శ్రుతి తప్పలేదు. నేను మాత్రం తప్పాను, ఒప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు. జనం ఎవరూ గొంతు కలపలేదు. అందరూ విన్నారు.

మరునాడు గోదాములో కూర్చుంటే గోడ అవతల మగ్గం ఆగింది. ఊపిరి బిగబట్టాను. మళ్లీ ఆడింది. కాసేపటికి నేనెప్పుడూ వినని మాటలతో ఒక పాట మొదలైంది.

ఆ తర్వాత చాలా పాటలు వచ్చాయి. ఒక్కదాన్నీ ఆయన పరుపుల గదిలో పాడలేదు. ఎవరైనా పిలిస్తే, "ఈడికే రాండి, మగ్గం పక్కన కూచ్చోండి," అనేవాడు. కొందరు వచ్చారు, చాలామంది రాలేదు. నాగప్పన్న పోయి కొన్నేళ్లయింది. ఆయన లేని లోటు నాకు రోజూ తెలుస్తుంది. గోడ అవతల నిశ్శబ్దంగా ఉంటుంది. అది పాటలో ఆగడంలాంటిది కాదు. దాని తర్వాత ఏమీ రాదు.

మొన్న ఆ ట్రాక్టరు వెళ్లిపోయాక ఉండబట్టలేక సందు చుట్టి ఓబులమ్మ వదిన దగ్గరికి వెళ్లాను. ఆమెకు చూపు మందగించింది. గుమ్మంలో కూర్చుని చింతకాయలు కొడుతోంది. పాట ఆమె గుమ్మం ముందునుంచే పోయి ఉంటుంది.

"ఇంగా అట్లనే తిప్పుతాండారు వదినా, ఆగకుండా," అన్నాను. "కర్నూలాయన్ను అడిగి సరిజేపియ్యాల. నీకు బాధ కాల్యా?"

"యాలప్పా బాధ?" అంది చింతకాయ మీదనుంచి చూపు ఎత్తకుండా. "ఆ పొద్దు అంత జనం నాకోసరం ఆగినారు గదా. ఒగ తూరి ఆగితే సాలు శెట్టీ. బతుకంతా ఎవురు ఆగుతారు?"

కాసేపు కూర్చుని ఇంటికి వచ్చాను. మా ఆవిడ కంచం పెట్టి వడ్డించింది. పెళ్లయినప్పటి నుంచీ ఆమె వడ్డించడం, నేను తినేసి అంగడికి పోవడం, ఆమె తర్వాత ఎప్పుడో తినడం. ఎన్నడూ ఆలోచించలేదు. చెయ్యి కడుక్కుని ఊరికే కూర్చున్నాను.

"ఏమైనాది మీకు? సంగటి సల్లారిపోతాండాది," అంది.

"నువ్వు గూడా కంచం తెచ్చుకో," అన్నాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. ఒంట్లో బాగాలేదేమోనని నుదుటి మీద చెయ్యి పెట్టింది. తర్వాత లోపలికి వెళ్లింది. కంచం వెతుకుతున్న చప్పుడు వింటూ, ఆమె వచ్చి ఎదురుగా కూర్చునేదాకా సంగటి ముట్టకుండా ఉన్నాను. అప్పటినుంచి రోజూ అంతే.